టెక్సాస్‌ను టెక్సాస్ చేసిన ఘట్టం ఏది? అలమో ఒక్కటేనా?

ఫ్రిస్కో_మామయ్య
మా అమ్మాయి నాలుగో తరగతి. ఇక్కడ బడుల్లో నాలుగులో ఒకసారి, ఏడులో ఒకసారి టెక్సాస్ చరిత్ర విడిగా చెప్తారు కదా, ఇంట్లో ఇప్పుడు అలమో తప్ప వేరే మాట లేదు. నిన్న అన్నం తింటూ "అలమోలో ఓడిపోయారుగా నాన్నా, మరి అంత గొప్పగా ఎందుకు చెప్పుకుంటారు?" అంది. నాకు తోచలేదు. పాతికేళ్లుగా ఇక్కడ పాతుకుపోయిన పెద్దలు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారు. ఈ రాష్ట్రం ఇలా తయారవడానికి అసలు మలుపు ఏదంటారు? తలా ఒక్కటే చెప్పండి. దయచేసి వికీపీడియా అతికించకండి, అది నేనూ చదువుకోగలను.

బ్రేజోస్_బాబాయ్
పాప అడిగింది సరైన ప్రశ్నే. అలమో ఒక్కదాన్నే విడిగా చూస్తే అర్థం కాదు, ఆ రెండు నెలలూ కలిపి చూడాలి.

అప్పటికి టెక్సాస్ మెక్సికోలో భాగం. 1836 ఫిబ్రవరి 23న మెక్సికో అధ్యక్షుడు సాంటా అన్నా సైన్యం, తిరగబడ్డ టెక్సాస్ వాళ్లున్న అలమోని, అంటే శాన్ ఆంటోనియోలోని ఆ పాత చర్చి ఆవరణని, చుట్టుముట్టింది. ముట్టడి 13 రోజులు సాగింది. లోపల రెండొందల మంది లోపో, కాస్త పైనో. వాళ్లు అక్కడ ఉండగానే మార్చి 2న బ్రేజోస్ నది ఒడ్డున ఒక ఊళ్లో మిగతా నాయకులు స్వాతంత్ర్యం ప్రకటించేశారు. ఆ కబురు కోటలోకి చేరలేదు. ఏ దేశం కోసం చస్తున్నారో తెలియకుండానే మార్చి 6 తెల్లవారుజామున పోరాడినవాళ్లంతా పోయారు. అదే నెల 27న గోలియాడ్‌లో లొంగిపోయిన ఖైదీలను మూడు వందల మందికి పైగా నిలబెట్టి కాల్చేశారు. అలమో కంటే ఇదే జనాన్ని ఎక్కువ రగిలించిందని నా ఉద్దేశం, కానీ పాటలన్నీ అలమో మీదే.

ఏప్రిల్ 21 మధ్యాహ్నం శాన్ హసింటో దగ్గర మెక్సికో సైన్యం విశ్రాంతి తీసుకుంటుంటే టెక్సాస్ సేనాని శామ్ హ్యూస్టన్ మనుషులు మీద పడ్డారు. యుద్ధం 18 నిమిషాల్లో ముగిసింది, నరుకుడు మాత్రం చీకటి పడేదాకా ఆగలేదు. మెక్సికో వైపు ఆరు వందల మందికి పైగా చచ్చారు, ఇటు తొమ్మిది మంది. సాంటా అన్నా మామూలు సిపాయి బట్టలేసుకుని గడ్డిలో నక్కి మర్నాడు దొరికాడు. పట్టుకున్నవాళ్లకి అతనెవరో తెలియదు. ఖైదీల గుంపులోకి తోసేసరికి అతని సైనికులే "ఎల్ ప్రెసిడెంటే" అంటూ లేచి వందనం చేశారు. అంతే, బండారం బయటపడింది.

పదేళ్ల కంటే కాస్త తక్కువ కాలం ఇది సొంత దేశం. 1845 డిసెంబర్ 29న అమెరికాలో కలిసింది. ఆ వెంటనే మెక్సికోతో యుద్ధం, కాలిఫోర్నియా దాకా భూమంతా అమెరికా చేతికి. ఆ 18 నిమిషాలు లేకపోతే అమెరికా పటమే వేరు. నా ఓటు శాన్ హసింటోకి.

నల్గొండ_నవాబు
బాబాయ్, మంచిగ చెప్పినవ్ గాని సగమే చెప్పినవ్. గా కొట్లాట ఎందుకొచ్చింది మరి?

మెక్సికో వాళ్లు పిలిచి భూములిచ్చిన్రు. స్టీఫెన్ ఆస్టిన్ అనేటాయన అమెరికా నుంచి తెచ్చిన కుటుంబాలకు, పశువులు మేపుకుంటమంటే ఇంటికి 4,428 ఎకరాలు. మనకాడ దేశ్‌ముఖ్‌కి గూడ గంత ఉంటే గొప్పనే. వచ్చినోళ్లు పత్తి వేసిన్రు, పత్తి కోసం బానిసలను తెచ్చిన్రు. 1829ల మెక్సికో ప్రెసిడెంట్ గెర్రేరో బానిసత్వం రద్దు చేసిండు, ఆయన తాతలల్ల ఆఫ్రికా రక్తం ఉంది. టెక్సాస్‌ల లొల్లి అయితే వీళ్లకు మినహాయింపు ఇచ్చిన్రు. 1830ల ఇగ అమెరికా నుంచి ఎవరూ రావద్దని చట్టం తెచ్చిన్రు. అయినా దొంగతనంగ సరిహద్దు దాటి వచ్చుడు ఆగలే. ఇప్పుడు సరిహద్దు గురించి టీవీల మాట్లాడేటోళ్లు ఈ ముక్క చెప్పరు.

సాంటా అన్నా నియంత అయిండు, పాత రాజ్యాంగం తీసేసిండు, అదీ నిజమే. మెక్సికోల వేరే రాష్ట్రాలు గూడ తిరగబడ్డయ్. కాని కొత్త దేశం రాజ్యాంగం చూడు: బానిసను విడిపించాలంటే కాంగ్రెస్ ఒప్పుకోవాలె, స్వేచ్ఛగ ఉన్న నల్లవాళ్లు టెక్సాస్‌ల ఉండాలన్నా కాంగ్రెస్ పర్మిషన్ కావాలె. 1836ల ఐదువేల మంది బానిసలు, 1860కి లక్షా 82 వేలు. జనాభాల నూటికి ముప్పై. అలమోల దళం నాయకుడు ట్రావిస్‌తోని జో అని ఒక బానిస ఉండె. బతికి బయటపడి, ఏం జరిగిందో కొత్త ప్రభుత్వానికి చెప్పింది ఆయనే. చెప్పినంక మళ్ల ట్రావిస్ ఆస్తి కిందనే లెక్క. ఏడాదికి పారిపోయిండు.

ఇంకొకాయన హువాన్ సెగీన్. మెక్సికన్ మూలాల మనిషి, శాన్ హసింటోల టెక్సాస్ వైపు కొట్లాడిండు, శాన్ ఆంటోనియోకి మేయర్ అయిండు. 1842ల ద్రోహి అని ముద్రేసి తరిమితే, పోయి మెక్సికోలనే తలదాచుకున్నడు. గెలిచిన సైన్యంల ఉన్నా ఆయన పరిస్థితి గది.

అందుకే నా ఘట్టం 1865 జూన్ 19. తర్వాత రాస్త, మీటింగ్ ఉంది.

ఫ్రిస్కో_మామయ్య
నవాబు గారూ, జో సంగతి మా అమ్మాయి పుస్తకంలో ఒక్క వాక్యం ఉంది. సెగీన్ ఉన్నాడు కానీ తరిమేసిన ముక్క లేదు. తర్వాతి భాగం రాయండి.

దివిసీమ_గాలి
యుద్ధాలు మీరు మీరు చూసుకోండి. నా ఓటు 1900 సెప్టెంబర్ 8, గాల్వెస్టన్. కాస్త పెద్దగా రాస్తాను, మాది అవనిగడ్డ వైపు కాబట్టి ఆ కథ నేను మామూలుగా చదవలేను. మా ఇంట్లో 1977 ఉప్పెన ముందు, ఉప్పెన తర్వాత అనే కాలం లెక్కపెట్టేవాళ్లు.

అప్పట్లో గాల్వెస్టన్ హ్యూస్టన్ పక్కనున్న బీచ్ ఊరు కాదు. హ్యూస్టనే గాల్వెస్టన్‌కి వెనకున్న ఊరు. 38 వేల జనం, పత్తి ఎగుమతిలో దేశంలోనే ముందు వరసలో ఉన్న రేవు, కోటీశ్వరుల మేడలు. ఇదంతా ఒక ఇసుక దిబ్బ మీద. ఊళ్లో అన్నిటికన్నా ఎత్తైన చోటు సముద్ర మట్టానికి తొమ్మిది అడుగులు కూడా లేదు.

హెచ్చరికలు లేకపోలేదు. అదే తీరంలో ఇండియనోలా అని ఇంకో రేవు ఉండేది. 1875లో తుఫాను కొట్టింది, 1886లో మళ్లీ కొట్టింది, ఊరే వదిలేసి వెళ్లిపోయారు. గాల్వెస్టన్ పెద్దలు గోడ కట్టాలని అనుకున్నారు, ఖర్చు చూసి ఊరుకున్నారు. పైగా అక్కడి వాతావరణ కార్యాలయం అధికారి ఐజాక్ క్లైన్ 1891లో పత్రికలో వ్యాసం రాశాడు: ఈ ఊరికి తుఫానుతో పెద్ద ముప్పు ఉందనుకోవడం ఉత్త భ్రమ అని. క్యూబాలో తుఫానులు చదవడంలో ఆరితేరిన పాదిరీలు ఉండేవాళ్లు. వాళ్ల కబుర్లు టెలిగ్రాఫ్‌లో రాకుండా వాషింగ్టన్‌లోని పెద్దలే అడ్డుపడ్డారు.

ఆ శనివారం పొద్దున అలలు పెద్దవవుతుంటే పిల్లలు ఆడుకోవడానికి బీచికి పోయారట. సాయంత్రానికి దీవి మొత్తం నీళ్ల కింద. ఉప్పెన పదిహేను అడుగుల పైమాటే. గాలి వేగం కొలిచే పరికరం గంటకు నూరు మైళ్ల దగ్గర ఎగిరిపోయింది. సముద్రం వైపు మొదటి వరస ఇళ్లు విరిగి, ఆ దుంగలు రెండో వరసను పడగొట్టి, అలా చెక్కల గోడ ఒకటి తయారై ఊరి మీదికి నడిచింది. నీళ్లతో పాటు ఆ చెక్కలూ ఎంతోమందిని చంపాయి. తీరాన ఒక అనాథాశ్రమం ఉండేది. సన్యాసినులు బట్టలారేసుకునే తాడుతో పిల్లల్ని తమ నడుముకు కట్టుకున్నారు. పదిమంది సన్యాసినులు, తొంభై మంది పిల్లలు పోయారు. ముగ్గురు పెద్ద పిల్లలు చెట్టు పట్టుకుని మిగిలారు. క్లైన్ భార్య కూడా ఆ రాత్రే పోయింది.

మొత్తం పోయినవాళ్లు ఆరు వేల నుంచి పన్నెండు వేల దాకా చెప్తారు, ఎనిమిది వేలు అని ఎక్కువగా రాస్తారు. అమెరికాలో ఇప్పటిదాకా ప్రకృతి విపత్తుల్లో ఇంతమంది ఇంకెక్కడా పోలేదు. శవాలకు బరువులు కట్టి బార్జి మీద సముద్రంలోకి తీసుకెళ్లి వదిలారు. కెరటాలు తిరిగి ఒడ్డుకు తెచ్చాయి. ఇక ఎక్కడివక్కడే చితులు పేర్చారు, వారాల తరబడి మండాయి. దీని గురించి నేను ఇంకా రాయలేను.

మలుపు అన్నది దీని తర్వాతి సంగతి. ఊరు వదిలేయలేదు. 1902లో మొదలుపెట్టి 1904 కల్లా 17 అడుగుల ఎత్తున మూడు మైళ్ల గోడ కట్టారు. అది చాలదని ఊరినే పైకి లేపారు. రెండు వేల పైచిలుకు కట్టడాలను జాకీల మీద ఎత్తి, ఊరి మధ్యన కాలవ తవ్వి, డ్రెడ్జర్లతో సముద్రపు ఇసుక నీళ్లతో కలిపి వాటి కిందికి పంపు చేశారు. ఒక చర్చిని వందల జాకీలు పెట్టి, అందరూ ఒకేసారి కొంచెం కొంచెం తిప్పుతూ ఐదడుగులు లేపారు. నింపుడు ఖర్చు ప్రభుత్వానిది, ఇల్లు లేపుకునే ఖర్చు ఎవరిది వాళ్లదే. ఏళ్ల తరబడి జనం ఎత్తైన చెక్క బాటల మీద నడిచారు. ఉప్పు ఇసుకకి చెట్లన్నీ చచ్చిపోయాయి. 1915లో దాదాపు అంత తుఫానే మళ్లీ వస్తే గోడ వెనక ఊరు నిలబడింది.

పథకం వేసిన ముగ్గురు ఇంజనీర్లలో ఒకరు హెన్రీ రాబర్ట్. సభలు, మీటింగులు ఎలా నడపాలో నియమాల పుస్తకం రాసిన మహానుభావుడు ఆయనే. మన తెలుగు సంఘాల జనరల్ బాడీ మీటింగు ఒక్కటి చూసి ఉంటే ఉప్పెనే నయం అనేవాడు.

కోనసీమ_రిగ్గు
గాలి గారూ, ఊరు నిలబడింది సరే, రేవు నిలబడలేదు కదా. డబ్బున్నవాళ్లు లోపలికి జరిగారు. హ్యూస్టన్ వాళ్లు తమ ఊరి వాగు బఫెలో బయూని తవ్వించుకుని 1914లో పెద్ద ఓడలు ఊరిదాకా వచ్చేలా చేసుకున్నారు. ఆ జరగడానికి సగం కారణం మీ తుఫాను, మిగతా సగం నా ఘట్టం: 1901 జనవరి 10, బోమాంట్ దగ్గర స్పిండిల్‌టాప్ అనే చోట నూనె బావి పైకి చిమ్మిన రోజు. తుఫానుకీ దీనికీ మధ్య నాలుగు నెలలే.

నేను ఈ పనిలోనే బతుకుతున్నాను కాబట్టి పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

బోమాంట్ దక్షిణాన చిన్న మిట్ట. కింద ఉప్పు గుమ్మటం. పాటిల్లో హిగ్గిన్స్ అనే ఒంటి చెయ్యి మనిషి అక్కడ నూనె ఉందని ఏళ్ల తరబడి మొత్తుకుంటే ఊరంతా నవ్వింది. ఆంథొనీ లూకస్ అనే ఇంజనీరు వచ్చాడు, ఆయన డబ్బూ అయిపోయింది. పిట్స్‌బర్గ్ పెట్టుబడి తెచ్చుకుని హామిల్ అన్నదమ్ములను డ్రిల్లింగుకు పెట్టాడు. అక్కడ సమస్య ఇసుక, బోరు గోడలు కూలిపోయేవి. నీళ్ల బదులు బురద పంపితే గోడలు నిలబడతాయని కనిపెట్టింది అక్కడే అంటారు. బురద కోసం నీళ్ల గుంటలోకి పశువులను తోలి తొక్కించారు. ఈరోజు మేం మడ్ ఇంజనీర్ అని జీతమిచ్చి పెట్టుకునే పని ఆ రోజు ఆవులు చేశాయి.

ఆ పొద్దున బిట్టు మార్చి పైపులు దించుతుంటే బోరు బుసలు కొట్టింది. టన్నుల బరువున్న పైపులు డెరిక్ పైనుంచి ఎగిరిపడ్డాయి. తర్వాత అంతా సద్దుమణిగింది. మనుషులు తిరిగొచ్చి చుట్టూ ఉన్న బురద ఎత్తిపోస్తుండగా రెండోసారి లేచింది: గ్యాస్, వెంటనే నూనె, నూరడుగుల పైకి. తొమ్మిది రోజులు ఆగలేదు. రోజుకి లక్ష పీపాలని లెక్క. అప్పటికి దేశంలో మిగతా బావులన్నీ దీని ముందు బిందెలు. నిప్పు అంటుకోకముందే వాల్వులు బిగించి మూశారు, అది అదృష్టమో పనితనమో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మా వైపు 1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఅవుట్ చూసినవాళ్లకి ఆ అదృష్టం విలువ తెలుస్తుంది. అది అంటుకుంది, రెండు నెలలకు పైగా మండింది. రాత్రుళ్లు చుట్టుపక్కల ఊళ్లల్లో దీపం అక్కర్లేకపోయేది.

బోమాంట్‌లో పదివేల జనం కొద్ది నెలల్లో ముప్పై వేలు దాటారు. నూనె పీపా మూడు సెంట్లకి పడిపోయింది, తాగే నీళ్లు కప్పు ఐదు సెంట్లు. గల్ఫ్, టెక్సాకో లాంటి కంపెనీలు ఆ హడావుడిలో పుట్టినవే. రైలింజన్లు, ఓడలు బొగ్గు వదిలి నూనెకి మారింది ఆ చవక వల్లే. పత్తి రాష్ట్రం నూనె రాష్ట్రం అయింది ఆ వారంలో. అలమోకి దండం, కానీ మనందరికీ ఇక్కడ ఉద్యోగాలిచ్చింది ఆ మిట్టే.

ఐటీ_కూలీ
అందరికీ కాదు గురువుగారూ. మాకిచ్చింది జాక్ కిల్బీ.

1958 వేసవి, డాలస్‌లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్. జూలైలో కంపెనీ మొత్తం ఒకేసారి సెలవుల్లోకి పోయింది. కొత్తగా చేరిన కిల్బీకి లీవ్ బ్యాలెన్స్ లేదు. ఖాళీ ల్యాబులో ఒక్కడే కూర్చుని, విడివిడి భాగాలను వైర్లతో అతికించడం ఎందుకు, అన్నీ ఒకే ముక్క మీద చెయ్యొచ్చు కదా అనుకున్నాడు. సెప్టెంబర్ 12న జెర్మేనియం ముక్క ఒకటి గాజు పలక మీద అతికించి, వైర్లు వేలాడుతూ, మేనేజర్ల ముందు స్విచ్ వేశాడు. ఆసిలోస్కోపులో గీత వంకర తిరిగింది. అదే మొదటి చిప్. 2000లో నోబెల్ ఇచ్చారు. రిచర్డ్‌సన్, ప్లేనో, ఫ్రిస్కో అంతా ఈరోజు మనవాళ్లతో నిండిందంటే దారి అక్కడే మొదలైంది.

లీవ్ రిజెక్ట్ అయినవాళ్లు ఇది ప్రింట్ తీసి డెస్కు మీద పెట్టుకోండి.

కెమికల్_సుబ్బడు
నూనె డబ్బు గురించి చెప్పినప్పుడు న్యూ లండన్ అనే ఊరి బడి పేలుడు కూడా చెప్పాలి. తూర్పు టెక్సాస్‌లో 1930లో అతి పెద్ద క్షేత్రం బయటపడింది. ఆ డబ్బుతో పల్లెటూళ్లో దేశంలోనే ఖరీదైన బడుల్లో ఒకటి కట్టారు. అంత డబ్బున్న బడి, గ్యాస్ బిల్లు మిగుల్చుకోవాలని పక్కనున్న నూనె కంపెనీ వృథాగా వదిలే గ్యాస్ లైనుకి సొంతంగా కనెక్షన్ వేసుకుంది. ఆ రోజుల్లో అక్కడ అందరూ చేసేదే. ఆ గ్యాసుకి వాసన ఉండదు. భవనం కింద ఖాళీలోకి కారుతూ పేరుకుంది. పిల్లలు తలనొప్పి అనేవాళ్లట, ఎవరూ పట్టించుకోలేదు. 1937 మార్చి 18 మధ్యాహ్నం చెక్కపని మాస్టారు యంత్రం స్విచ్ వేశాడు. బడి పేలిపోయింది. దాదాపు మూడు వందల మంది పోయారు, ఎక్కువ మంది పిల్లలు. శిథిలాలు ఎత్తింది నూనె బావుల్లో పనిచేసే తండ్రులే.

గ్యాసులో వాసన మందు కలపాలని టెక్సాస్ వెంటనే చట్టం చేసింది, తర్వాత లోకమంతా పట్టుకుంది. మన వంటింట్లో సిలిండర్ లీకైతే వచ్చే ఆ కుళ్లు వాసన దాన్నుంచి వచ్చిందే. ఈ గ్రూపులో ఎంతమందికి తెలుసు? నా ఓటు దీనికి.

ఫ్రిస్కో_మామయ్య
నాకు తెలియదు. మా ఆవిడకి చదివి వినిపించాను, వెళ్లి స్టవ్ నాబులు చూసొచ్చింది.

నల్గొండ_నవాబు
వచ్చిన. బానిసలకు విముక్తి అని లింకన్ ప్రకటన 1863 జనవరి 1న. టెక్సాస్‌ల అమలు కాలే, ఇక్కడ యుద్ధం పెద్దగ రాలే, పైగా వేరే రాష్ట్రాల దొరలు బానిసలను తోలుకొని ఇటే వచ్చిన్రు. 1865 ఏప్రిల్‌ల దక్షిణాది సేనాని లీ లొంగిపోయిండు. జూన్ 19న అమెరికా సైన్యం జనరల్ గ్రేంజర్ గాల్వెస్టన్‌ల దిగి మూడో నంబర్ ఆర్డర్ ఇచ్చిండు. సుమారు రెండున్నర లక్షల మంది బానిసలకు విముక్తి.

ఆ ఆర్డర్ చదవండి ఒకసారి, చిన్నదే. మొదట బానిసలందరూ స్వేచ్ఛాజీవులు, హక్కులల్ల, ఆస్తులల్ల పూర్తి సమానత్వం అంటది. కిందికొచ్చేసరికి, ఇప్పుడున్న ఇండ్లల్లనే నిమ్మళంగ ఉండి కూలికి పని చేయున్రి, సైన్యం దగ్గరికి ఊకే రావద్దు అంటది. స్వేచ్ఛ ఇచ్చుకుంటనే ఏడ ఉండాల్నో చెప్పిన్రు. అయినా జనం ఏడాది తిరగంగనే పండుగ మొదలుపెట్టిన్రు. హ్యూస్టన్‌ల పార్కులకు రానియ్యకుంటే, 1872ల చందాలేసుకొని పదెకరాలు కొన్నరు. ఎమాన్సిపేషన్ పార్క్, ఇప్పటికీ ఉంది, పోయి చూడున్రి. 1980ల రాష్ట్ర సెలవు, 2021ల దేశం మొత్తానికి సెలవు.

బ్రేజోస్_బాబాయ్
నవాబూ, నువ్వు చెప్పిన ఏ ముక్కా కాదనను. కానీ "ఏది మలుపు" అంటే "ఏది న్యాయం" అని కాదు. నా ఓటు మార్చను. శామ్ హ్యూస్టన్ సంగతి కూడా కలుపుకో: 1861లో గవర్నర్‌గా ఉండి, అమెరికా నుంచి విడిపోవద్దని మొత్తుకుని, విడిపోయిన దక్షిణ రాష్ట్రాల కూటమి కాన్ఫెడరసీకి ప్రమాణం చెయ్యనన్నాడు. తను నిలబెట్టిన రాష్ట్రమే పదవి పీకేసింది. ఆయన కూడా బానిసలున్నవాడే, అది దాచను.

ప్లేనో_కొత్తకాపు
ఒక డౌటు. టెక్సాస్ కావాలంటే ఎప్పుడైనా అమెరికా నుంచి విడిపోవచ్చని ఒప్పందంలోనే ఉందని మా ఆఫీసులో ఒకాయన బల్లగుద్ది చెప్తాడు. నిజమా?

బ్రేజోస్_బాబాయ్
కాదు. 1869లో సుప్రీంకోర్టు టెక్సాస్ వర్సెస్ వైట్ కేసులోనే తేల్చేసింది, విడిపోయే హక్కు లేదని. 1845 తీర్మానంలో ఉన్నది వేరే: టెక్సాస్‌లోంచి ఇంకో నాలుగు రాష్ట్రాల దాకా ఏర్పాటు చేసుకోవచ్చని. రాష్ట్ర విభజన గురించి మన గ్రూపులో మళ్లీ మొదలెట్టకండి బాబూ.

గ్రూపు_కాపలాదారు
మొదలెడితే దారం మూసేస్తాను. ఆంధ్ర, తెలంగాణ, తుపాకులు, ఎన్నికలు, ఏవీ వద్దు.

ఐటీ_కూలీ
2021 ఫిబ్రవరి చలికి రాష్ట్రమంతా కరెంటు పోయిన సంగతి ఎవరూ చెప్పలేదేంటి? చరిత్ర అంటే నూరేళ్ల కిందటిదే ఉండాలా? మా అపార్ట్‌మెంట్లో కరెంటు పోయి పైపు పగిలింది. బాత్‌టబ్‌లో మంచు కరిగించి టాయిలెట్‌కి పోశాం. చలికి పిల్లలకి పట్టు పరికిణీల మీద స్వెటర్లు వేశాం, ఎందుకంటే పెట్టెలో పైన అవే ఉన్నాయి.

కోనసీమ_రిగ్గు
అది కూడా ఒక పాత నిర్ణయం ఫలితమే. 1935లో కేంద్రం రాష్ట్రాల మధ్య కరెంటు మీద అజమాయిషీ తెచ్చింది. టెక్సాస్ కంపెనీలు సరిహద్దు దాటి అమ్మకపోతే ఆ అజమాయిషీ ఉండదని వేరు గ్రిడ్డుగా ఉండిపోయాయి. 2021లో గ్యాస్ బావులు, ప్లాంట్లు గడ్డకట్టినప్పుడు పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకోవడానికి తగినన్ని లైన్లు లేవు. నాలుగున్నర నిమిషాల్లో గ్రిడ్ మొత్తం కూలిపోయేదని తర్వాత గ్రిడ్ నడిపేవాళ్లే చెప్పారు. రాష్ట్రం లెక్క ప్రకారం 246 మంది పోయారు. ఎల్ పాసో మాత్రం పడమటి గ్రిడ్డులో ఉంది, అక్కడ దీపాలు దాదాపుగా వెలుగుతూనే ఉన్నాయి. అదే రాష్ట్రం, అదే చలి.

దివిసీమ_గాలి
గోడ ఖర్చు చూసి ఊరుకున్నట్టే ఇదీ. 2011లో కూడా చలికి కరెంటు పోయింది, ప్లాంట్లకు చలి తట్టుకునే ఏర్పాట్లు చెయ్యమని నివేదిక ఇచ్చారు. ఎవరు విన్నారు?

ఫ్రిస్కో_మామయ్య
ఇంత వస్తుందనుకోలేదు. వచ్చే సెలవుల్లో అమ్మాయిని తీసుకుని బయల్దేరుదామనుకుంటున్నాం. అలమో సరే, ఇంకేం చూడాలి?

కోనసీమ_రిగ్గు
బోమాంట్‌లో స్పిండిల్‌టాప్ మ్యూజియం. ఆ బావి నమూనా ఒకటి పెట్టి నీళ్లు పైకి చిమ్మిస్తారు, పిల్లలకి భలే నచ్చుతుంది. ఏ వేళకి చిమ్మిస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. గాలి ఎటు వీస్తుందో చూసుకుని నిలబడండి.

బ్రేజోస్_బాబాయ్
శాన్ హసింటో స్తంభం వదలొద్దు. 567 అడుగులు, వాషింగ్టన్‌లోని దానికంటే పొడవు, కావాలనే అలా కట్టుకున్నారు. లిఫ్టులో పైకెళ్తే చుట్టూ రిఫైనరీలే కనిపిస్తాయి.

నల్గొండ_నవాబు
జూన్‌ల పోతే గాల్వెస్టన్‌కి 19న పోండి. గాలి అన్న గోడ, నా ఆర్డర్ రెండూ ఒక్క ఊళ్లనే అయిపోతయ్. బాబాయ్ లిఫ్ట్ టికెట్ పైసలు బాబాయే ఇస్తడు.